పదమూడో తట్టు

సిల్వర్టన్ ఊరు కాళ్ల కింద
అగ్గిపెట్టెల వరసలా ఉంది.
పన్నెండు వేల అడుగులు దాటాక
ఊపిరి చేబదులులా దొరుకుతుంది,
కొంచెం, మళ్లీ అడిగితే ఇంకొంచెం.

కుర్చీ లిఫ్టు దింపిన చోటు నుంచి
స్కీలు భుజాన మోస్తూ గంట నడిచాం
నేనూ, కొండ గస్తీలో ఇరవై రెండేళ్లు అరిగిన
ఆర్లిస్ థోర్సన్.
రెండు నల్ల వజ్రాల బోర్డు మంచులో కూరుకుపోయి
ఒక్క వజ్రమే పైకి కనిపిస్తోంది,
సగం ధరకే ఇస్తానన్నట్టు.

రాత్రి పద్దెనిమిది అంగుళాలు కురిసింది.
పడమటి గాలి అదంతా ఎత్తుకొచ్చి
ఈ గాడి నోట్లో కుక్కింది.
ఇస్త్రీ పంచెలా ఉంది. ఒక్క ముడత లేదు.
నా మోకాళ్లు అప్పుడే మలుపులు లెక్కేస్తున్నాయి:
ఎడమకి, కుడికి,
ఆ ఎర్రరాయి కింద మళ్లీ ఎడమకి

"ఆగు" అంది ఆర్లిస్, పార తీస్తూ.

నడుం లోతు గొయ్యి. గోడని కుంచెతో ఊడ్చింది.
ఒక్కో పొరకి ఆమె దగ్గర ఒక్కో పేరు.
నా భాషలో అన్నిటికీ మంచే:
గడ్డి మీది తడికీ, రోడ్డుని మింగే తెరకీ,
గ్లాసులో తేలే గడ్డకీ.
అందుకని వంటింట్లోకి పోయి వెతుక్కున్నాను.
పైన మైదా.
దాని కింద గాలి దెబ్బకి బిగిసిన సున్నపు చెక్క.
అట్టడుగున, నవంబరులో పడ్డది,
ఒకదాన్నొకటి పట్టుకోని గింజలు.
"రవ్వ" అన్నాను, తొడుగు వేళ్లలోంచి జారిపోతుంటే.
ఎంత పిసికినా ముద్ద కట్టదు.
నాలుగు నెలల చలికాలమంతా
దాని మీదే నిలబడి ఉంది.

తర్వాత ఒక దిమ్మ కోసి
నెత్తిన పార పెట్టి తట్టింది.
మణికట్టు నుంచి పది. ఏమీ కాలేదు.
మోచేతి నుంచి
పదకొండు, పన్నెండు
పదమూడుకి
దిమ్మ మొత్తం బీరువా సొరుగులా ముందుకొచ్చింది.
చప్పుడైనా లేదు.
అంత మర్యాదగా.

"నిన్న ఎవరో దిగారుగా, గీతలున్నాయి" అన్నాను.
"అవి నిన్నటివి" అంది.
కిందికి చూపించి, "ఆ చెట్లన్నీ ఒకే ఎత్తున ఎందుకున్నాయో
అడగవేం?"
అడగలేదు.
ముప్పై ఏళ్ల చెట్లు. పెద్దదొక్కటీ లేదు.

పెన్సిలు నోట్లో వెచ్చబెట్టుకుని
నోటుబుక్కులో రాసుకుంది, అడుగున రవ్వ అని.
"వీ ఒకటా, రెండా?"
రెండు, అన్నాను.
వత్తు గురించి చెప్పడానికి అది చోటు కాదు.

గాలి గీకేసిన తూర్పు గట్టు మీంచి దిగాం.
పళ్లు గిటగిటలాడే పెచ్చు,
అందులో అందమేమీ లేదు.

మర్నాడు పొద్దున ఆమె జట్టువాళ్లు పైన బాంబు పేల్చారు.
నా కాఫీలో చిన్న వలయం లేచి అంచుకి తగిలింది.
గాడి కదల్లేదు.
ఇస్త్రీ మడత అలాగే ఉంది.
"చూశావా" అన్నాను.
ఆర్లిస్ రొట్టెకి వెన్న రాస్తూ, తలెత్తకుండా,
"అది ఎన్నో తట్టో
నాకేం తెలుసు" అంది.