కుప్పడం

మినప గింజంత తొడ.
అంతే తీశారు డాక్టరు గారు,
బయటి పక్క, మోకాలికి జానెడు పైన,
మత్తిచ్చి, గొట్టం సూది దించి.
జములమ్మ కళ్లు మూసుకోలేదు.
"గింతేనా? గిండ్లనే రాసుంటదా అక్కా
నేనెంత ఉరుకుతనో?"

రాసి ఉంటుందనే కదా
హైదరాబాదు నుంచి ఆ పొగలు కక్కే నత్రజని డబ్బా,
కోచ్ సారు చేతిలో ఆ కాగితం.
నాలుగు వందల మీటర్ల పిల్ల.
ఆఖరి ఎనభైలో ప్రతిసారీ మెడ బిగుస్తుంది,
భుజాలు చెవుల దాకా లేస్తాయి.
రెండు వందలకి దించాలా, ఎనిమిది వందలకి ఎక్కించాలా?
కండ చెబుతుందన్నాడు సారు.
కండ అబద్ధమాడదన్నాడు.

పాలమూరు, మెట్టుగడ్డ దగ్గర మా ల్యాబు.
నా చేతికి మామూలుగా వచ్చేవి
గడ్డలు, పుండ్లు, గర్భసంచి ముక్కలు.
పరుగెత్తే మాంసం ఇదే మొదలు.
పది మైక్రాన్ల మందాన కోశాను,
ఊపిరి తగిలితే చుట్టుకుపోయే పొరలు.
ఏప్రిల్ నెల. కరెంటు రెండుసార్లు పోయింది.
రెండుసార్లూ జనరేటర్ కంటే ముందు
నా గుండె మోగింది.

ఆమ్లంలో ముంచి రంగేస్తే
నెమ్మది పోగులు నల్లబడతాయి,
సన్నటి సెగ మీద కాగేవి,
గొర్రెల వెంట కృష్ణ దాటి పోయి వచ్చేవి.
వడి పోగులు తెల్లగా మిగులుతాయి,
తుపాకి మోతకి తెగబడి
నిమిషంలోపే ఆరిపోయేవి.
క్షారంలో ముంచితే
నలుపు తెలుపవుతుంది, తెలుపు నలుపు.

పెన్ను మొనతో తెర మీద లెక్కపెట్టాను.
నల్లవి రెండు వందల పదకొండు.
తెల్లవి నూట డెబ్బై ఆరు.
పందొమ్మిది మాత్రం
ఆమ్లంలోనూ క్షారంలోనూ బూడిద రంగే.
మళ్లీ లెక్కపెట్టాను. పద్దెనిమిది.
మళ్లీ. పందొమ్మిది.

బయట బెంచీ మీద వాళ్ల నాయన నరసప్ప,
పొద్దుగాల గద్వాల బస్సుకి వచ్చినాయన,
చేతిలో చాయ్ మీద మీగడ కట్టింది.
ఎందుకో లోపలికి పిలిచి తెర చూపించాను.
అద్దాలు తీసి, అంగీకి తుడిచి, మళ్లీ చూశాడు.
"దారం అడ్డంగ కోస్తె ఇట్లనే ఉంటదమ్మా.
నల్లది నూలు. తెల్లది పట్టు.
ఈ బూడిదది..."
వేలు తెరకి తగలకుండా ఆపి,
"ఇది కుప్పడం."

కుప్పడం నాకూ తెలుసు, కట్టుకున్నదాన్నే.
నూలు ఒళ్లు, పట్టు అంచు,
రెండూ కలిసేచోట వేలికి తగిలే గరుకు గీత.
తెలియనిది ఆయన చెప్పాడు.
ఆ అతుక్కి ఇద్దరు మనుషులు కావాలి,
గుంటలో కూర్చుని తొక్కే మనిషి,
పక్కన అంచు నాడె అందించే మనిషి.
ఏడో ఏటి నుంచి అందించింది జములే.
ఆలస్యమైతే పోగు తెగేది, తొందరపడితే ముడి పడేది.
"బడి గంట కొట్టినంక లేసి ఉరికేది.
గట్లనే అయ్యింది ఈ ఉరుకుడు."

రెండు వందలా, ఎనిమిది వందలా
అన్న సారు మాట చెప్పాను.
నవ్వలేదు. కోప్పడలేదు.
"గజం బట్ట ఇయ్యుండ్రి, అందాజగ చెప్త.
ఒక్క పోగు జూసి చీర ధర ఎట్ల చెప్పాలె?"

ఆ మాటకి రిపోర్టులో గడి లేదు.
నెమ్మది యాభై రెండు శాతం, వడి నలభై మూడు,
మిగతాది మిశ్రమం.
కింద, సూచనలు అన్నచోట,
ఒక వాక్యం రాసి, కొట్టేసి, మళ్లీ రాశాను:
ఒక తొడ, ఒక చోటు, ఒక రోజు.

ఆయన లేస్తుంటే మోకాళ్లు టకటకమన్నాయి.
ముప్పై ఏళ్లు గుంటలో తొక్కిన కాళ్లు.
పంచె కింద పిక్కలు చూశాను,
ఎవరూ సూది దించని పిక్కలు.

వారం తర్వాత జములు ఫోను.
వెనక ట్రాకు మీద విజిల్.
"నొప్పి తగ్గిందక్కా. సారు ఇంకేం అంటలేడు.
నాలుగు వందలే ఉరుకుతున్న.
నా ముక్క పారేసిన్రా?"
లేదన్నాను. మైనస్ ఎనభైలో, మూడో అరలో,
పేరు రాసి పెట్టానన్నాను.
కాసేపు మాట్లాడలేదు.
"అయితె అదొక్కటే ఊకె కూసున్నది," అంది.
విజిల్ మళ్లీ మోగింది.
ఫోను పెట్టకుండానే ఉరికినట్టుంది,
చాలాసేపు గాలి వినిపించింది.