శవం వేషం

పాతపోస్టాఫీసు వెనక గోడౌనులో
పంతొమ్మిది వందల పన్నెండు నడుస్తోంది.
జింకు బల్ల మీద శవాన్ని నేను.
రోజుకి ఎనిమిది వందలు, టిఫిను వాళ్లదే.

చావులేని మందు కనిపెట్టే డాక్టరు
నా ఛాతీ మీదకి వంగి
డైలాగు మరిచిపోతాడు, మళ్లీ మళ్లీ.
ఊపిరి బిగబట్టమంటారు నన్ను.
రాళ్లలో చిక్కిన వల కోసం మునిగేవాణ్ని,
అదొక్కటే నాకొచ్చు.

పదకొండో టేకులో హార్బరు సైరను మోగింది.
ఆయన చెయ్యి నిజంగానే వణికింది.
స్క్రిప్టులో లేని మాట, నా చెవిలో:
"ఇంత చల్లగా ఉన్నావేంటయ్యా?"

ఇంటికొచ్చాక నీలం రంగు వదల్లేదు,
సబ్బుకీ, కిరసనాయిలుకీ.
నూకాలు గంప దించి
చేపకి చూసినట్టే
నా కనురెప్ప ఎత్తి చూసింది.
"నిన్నటి సరుకు" అంది.

నవ్వలేదు.