వెచ్చని నేల

జియోంజులో చలికాలం. మా ఆయన, మోక్ గ్యుహా,
ఓడిన రాజుల చరిత్ర రాసి
గది నేలకు అతికించి, పైన నూనెకాగితం వేశాడు.

నేల కింది పొయ్యి నాది.
మంట పెరిగితే సిరా మాడుతుంది,
తగ్గితే ఆయన దగ్గు.

జపాను పోలీసు బూట్లు విప్పి కూర్చున్నాడు,
సరిగ్గా మూడో అధ్యాయం మీద.
"హాయిగా ఉందమ్మా" అని కునుకు తీశాడు.
మఠం వేసిన ఆ కాళ్ల కింద
ఒక కోట ఇంకా లొంగలేదు.

ఆయన పద్యాలు దేశాన్ని అమ్మా అనేవి.
నేనెప్పుడూ అనలేదు.
కట్టెలు లెక్కపెట్టాను.

స్వాతంత్ర్యం వచ్చాక నేల ఒలిస్తే
పొయ్యివైపు పుటలు గోధుమరంగు.
ఒక వాక్యం సగమే మిగిలింది.
తక్కిన సగం అడుగుదామంటే
ఆయన లేడు.

రెండు కట్టెలు చాలేవి ఆ రాత్రి.
మూడు వేశాను.