పాసంగం

ఎనుమాముల యార్డుల నేను కాంటా రాస్త.
ఊరంత ఎలక్ట్రానిక్ అయినా
మా అడ్తి సేటుది ఇంక ముల్లు కాంటనే.
పొద్దున ఆరింటికి, బస్తా ఎక్కకముందే
వట్టి కాంటా చూడాలె, ముల్లు సున్న మీద నిలవాలె.
మా నాయిన నేర్పిన మొదటి మాట:
"పాసంగం చూడకుండ సరుకును తిట్టకు బిడ్డా."

సరుకునే తిట్టిన్రు.
ఇరవై ఏండ్లు అందరు సరుకునే తిట్టిన్రు.
హమాలీ ఓదేలన్న నాకు చపాట అని పేరు వెట్టిండు,
ఎర్రగ, పొట్టిగ, బుగ్గలుబ్బిన మిర్చి.
నవ్విన. నూట పద్దెనిమిది కిలోలు నవ్వినయి.
"నోరు కట్టుకో" అన్నది ఆడిబిడ్డ.
"పొద్దుగాల నడువు" అన్నడు మందుల షాపు సదయ్య.
వడ్డేపల్లి కట్ట మీద రెండు జతల చెప్పులు అరగదీసిన,
జొన్న గటక తాగిన, మెంతులు నమిలిన,
రాత్రి పదకొండింటికి లేచి
చీకట్ల సర్వపిండి ముక్క తుంచుకొని
నా ఇంట్లనే దొంగ లెక్క నిలవడ్డ.
నడుము మడతల సూది, దినాం నాలుగుసార్లు.
నెల తప్పితే కడుపేమో అని ఆశవడ్డ;
రెండేండ్లకు ఆ ఆశ గూడ తప్పింది.

నక్కలగుట్ట దవాఖానల డాక్టర్ నౌషీన్
చీటి ఎనక బొమ్మ గీసింది.
తోలుసంచి అసోంటి పొట్ట.
నిలువుగ కోసి అరటికాయంత మిగిలిస్తం అన్నది.
"తీసేసే పైముక్క ఉన్నది చూడు,
ఆకలి కూతవెట్టేది ఎక్కువ అక్కడ్నుంచే.
దాని పేరు ఘ్రెలిన్."
నాకు నవ్వొచ్చింది,
ఇన్నేండ్లు నా లోపల కూసొని అరిచినదానికి
ఒక పేరున్నదని,
అది నా పేరు కాదని.

మూడో దినం.
అద్దంల అదే బొజ్జ, అదే మెడ.
నర్సు మల్లీశ్వరి వేలు గుచ్చి చూసింది.
మల్లొకసారి గుచ్చింది.
నూట పన్నెండు.
మిషిను చెడ్డదేమో అని పక్క వార్డుల నుంచి ఇంకోటి తెచ్చింది.
నూట తొమ్మిది.
ఇన్సులిన్ సీసా మూత తియ్యకుండనే ట్రేల వెట్టేసింది.
బరువు దిగకముందే సక్కెర దిగింది.
సరుకు కదలలేదు, ముల్లు కదిలింది.
పేగు చివర నుంచి ఒక కబురు పోతదట,
"అందింది, సాలు" అని.
నా కబురు ఇన్నేండ్లు ఏ తొవ్వల ఆగిందో.
ఏడ్చిన. కుట్లు గుంజినయి. ఏడుపు ఆపిన.

ఇక్కడ ఆపుతె కథ బాగుండు.
నాలుగో నెల దువ్వెనకు కుచ్చులు కుచ్చులు జుట్టు.
ఆడిబిడ్డ మనుమని తొట్టెల నాడు ఒక్క బూరె తిన్న;
పది నిమిషాలకు దడ, చెమట,
బియ్యం సంచుల మీద కండ్లు తిరిగి పడ్డ.
నెలకొక విటమిన్ సూది మాత్రం ఉంటది,
బతికినన్ని రోజులు, అన్నది డాక్టరమ్మ తేలిగ్గ.
పదకొండేండ్లు అలిగిన నెల
ఒక మంగళవారం, నిండు మార్కెట్ల, చెప్పకుండ వచ్చింది.
ముప్పై తొమ్మిదేండ్లదాన్ని
కొత్తగ పెద్దమనిషైనట్టు బస్తాల ఎనక దాక్కున్న.

ఓదేలన్న ఇప్పుడు తేజ అంటడు.
సన్నగ, ఘాటుగ.
ఈసారి నవ్వలేదు.
"చపాట ఏం తప్పు చేసిందే అన్నా?" అన్న.
బస్తా భుజం మార్చుకొని పోయిండు.

బస్తాకింత అని తరుగు తీస్తం, తేమకు, తాలుకు.
నా తరుగు నలభై ఆరు కిలోలు.
అండ్ల తేమెంత, తాలెంత, తిట్లెంత,
ఏ చిట్టీల రాయాలె?

నిన్న రాత్రి, పదకొండింటికి,
పద్నాలుగు నెలల తర్వాత
కడుపుల సన్నగ ఒక కూత.
భయమైంది. లేచి లైటు ఏసిన.
గిన్నెల నాలుగు బుక్కల పెరుగన్నం వెట్టుకొని
కుర్చీల కూసొని తిన్న, పని మీద వచ్చినోళ్ల లెక్క.
మూడు బుక్కలకు సాలన్నది.
నాలుగోదాన్ని శానాసేపు చూసిన.

పొద్దున యార్డుల వట్టి కాంటా.
ముల్లు జరంత ఎడమకు.
ఇటుక పెళ్ల ఒకటి ఏరి
తక్కెడ కింద వెట్టిన.