రెండు బస్సులు మారి

మా వీధి చివరే మందుల షాపుంది.
అయినా రెండు బస్సులు మారి హోల్డర్‌నెస్ రోడ్డు దాకా వచ్చాను,
అక్కడ నన్నెవరూ ఎరగరని.
హల్ ఊళ్ళో జనవరి వాన పైనుంచి పడదు,
హంబర్ మీంచి అడ్డంగా వచ్చి చెవిలో దూరుతుంది.

దారి పొడుగునా ఇంగ్లీషు మాట బట్టీ పట్టాను.
పరాయి భాషలో సిగ్గు తక్కువ.
అద్దె కోటులాంటిది,
లోపల ఎంత చెమట పట్టినా మన బట్ట కాదు.

కౌంటరు వెనక అమ్మాయి బ్యాడ్జి మీద
సుభాషిణి అని ఉంది.
వెనక్కి తిరిగేవాణ్ణే,
దగ్గుమందు కోసం వచ్చిన ముసలామె
తలుపుకి అడ్డంగా గొడుగు దులుపుతోంది.

"లోపల కూర్చుని మాట్లాడదాం, రండి."
తెలుగే. అదీ గుంటూరు తెలుగు.
నన్ను అంకుల్ అనలేదు.
ఆ ఒక్కదానికీ ఆమెకి రుణపడి ఉంటాను.

అగ్గిపెట్టంత గది. రెండు కుర్చీలు, బీపీ మిషను.
నోరు తెరిచాను, మాట లేదు.
మన భాషలో దీనికున్నవన్నీ తిట్లే,
కాకపోతే వ్యాకరణం,
కాకపోతే రైలుకట్ట పక్క గోడ మీద సున్నంతో రాసిన
లాడ్జి వైద్యుడి పేరు, మంగళవారం మాత్రమే అని.

ఆమే అంది:
"రక్తం అందాల్సిన చోటికి అందడం లేదు. అంతేగా?"
అంతే.
మూడేళ్ళుగా మోస్తున్న మూటని
కుళాయి సంగతి చెప్పినట్టు దించేసింది.

"ఒక రకం గంట ముందు వేసుకోవాలి,
కడుపునిండా తిన్నారా, బద్ధకిస్తుంది.
ఇంకో రకం రోజున్నర ఒంట్లోనే ఉంటుంది,
శుక్రవారం రాత్రిది ఆదివారం పొద్దుటిదాకా.
ఏదైనా రోజుకి ఒక్కటే. పనిచెయ్యలేదని రెండోది మింగకండి.
మాత్ర కోరిక పుట్టించదు, ఉన్న కోరికకి దారిస్తుంది.
తలనొప్పి రావచ్చు. నాలుగు గంటలైనా దిగకపోతే మాత్రం
సిగ్గుతో ఇంట్లో కూర్చోకండి, ఆసుపత్రికి పరిగెత్తండి."

తలూపుతూనే ఉన్నాను.
డబ్బా చేతికి అందేంత దూరంలో ఉంది.

"గుండెకి మందులేమన్నా?
నొప్పొస్తే నాలిక కింద కొట్టుకునే స్ప్రే?"

లేదన్నాను.
చెయ్యికి అబద్ధం రాలేదు,
తనంతట తనే చొక్కా జేబు మీదకి పోయింది.
ఎర్రమూత సీసా. పోయిన వేసవిది.

డబ్బా సొరుగులోకి వెళ్ళిపోయింది.
"ఈ రెండూ ఒక ఒంట్లో కలవకూడదండీ.
బీపీ పాతాళానికి పడుతుంది. మనిషి లేవకపోవచ్చు."

లేవడం కోసం వచ్చినవాణ్ణి,
అసలుకే లేవకుండా పోతానట.
నవ్వొచ్చింది. ఆమెకీ వచ్చింది, ఆపుకుంది.

అప్పుడు పర్సు తీశాను.
క్యారవాన్ ఫ్యాక్టరీలో డెరెక్ ఇచ్చినవి,
ఏ పేరూ లేని రేకులో రెండు నీలం బిళ్ళలు.
పోయిన శనివారం మింగేవాణ్ణే.
చేపల పులుసు తిని సోఫాలో నిద్రపోయాను.
ఆ నిద్రకి ఎవరికి దణ్ణం పెట్టాలో తెలీదు.

"ఇందులో ఏముందో చేసినవాడికే తెలియాలి" అని
పసుపు బకెట్‌లో పడేసింది.
"డాక్టర్ని కలవండి. కిందున్న నాళాలు సన్నవి,
ఒక్కోసారి గుండె కబురు ముందు అవే మోసుకొస్తాయి.
స్ప్రే మీ అంతట మీరు మానకండి.
మాత్రలు కాక వేరే దారులున్నాయి.
మీ ఆవిడకి తెలుసా?"

మళ్ళీ రెండు బస్సులు.

హైమవతి కేర్‌హోమ్ డ్యూటీ నుంచి అప్పుడే వచ్చి
యూనిఫాం కూడా విప్పకుండా వెల్లుల్లి వలుస్తోంది.
కోటు తీసి తగిలించి
ఆ అమ్మాయి మాటే అరువు తెచ్చుకున్నాను:
రక్తం అందాల్సిన చోటికి అందడం లేదు.

చాలాసేపు వలుస్తూనే ఉంది.
"నేను లావయ్యాననుకున్నా" అంది.
"ఇన్నాళ్ళూ."

సోమవారం పొద్దున ఎనిమిదింటికి
డాక్టరు ఆఫీసుకి తనే ఫోను కలిపింది.
వరసలో మీరు పద్నాలుగో వారు అంది ఫోను.
స్పీకరు పెట్టి నా పక్కనే కూర్చుంది,
వేళ్ళు ఇంకా వెల్లుల్లి వాసనతో.
పదమూడు.