కొయ్యని చదరం

ఆ ఉత్తరువు టైపు చేసింది నేనే.
“ఏప్రిల్ నుంచి ఆగస్టు ముగిసేదాకా
భౌతికశాస్త్ర భవనం ముందరి పచ్చిక
కొయ్యరాదు.”
రెండు ప్రతులు. ఒకటి ఫైలుకి,
ఒకటి మ్యాలకీ కాన్‌క్యానన్‌కి.

గాల్వేలో వాన అడక్కుండానే వస్తుంది.
అతను తలుపు తట్టి వచ్చాడు.
బూట్ల బురద గుమ్మంలోనే దులిపి
కాగితాన్ని తడిచేత్తో నా బల్ల మీద పెట్టి
“ముప్పై ఒక్క ఏళ్ళు” అన్నాడు.
అంతే. మిగతా వాక్యం
మీసం కిందే మింగేశాడు.

ఆ పచ్చిక అతని చేతిరాత.
ఒక చాలు ముదురు, ఒక చాలు లేత,
పైఅంతస్తు కిటికీలోంచి చూస్తే
ఇస్త్రీ చేసి పరిచిన చారల చొక్కా.
గీత తప్పిన రోజు లేదు,
వాళ్ళమ్మని మట్టిచేసిన శుక్రవారం తప్ప.

మే నెలలో గడ్డి మోకాలు దాటింది.
ఫిర్యాదులు నా బల్ల దాటాయి.
“డబ్బుల్లేవా మీకు?” అని ఒకరు.
“నా కుక్క కనబడటం లేదు” అని ఇంకొకరు.
రసాయనశాస్త్ర ఆచార్యుడొకాయన ఏకంగా మూడు పేజీలు,
అందులో ‘అడవి’ అన్న మాట పదకొండుసార్లు.
అడవి ఎప్పుడైనా చూశారా సార్ అని రాసి, కొట్టేసి,
మీ అభిప్రాయానికి ధన్యవాదాలు అని పంపాను.

డెర్వ్లా మాత్రం రోజూ పొద్దున్నే వచ్చేది.
వృక్షశాస్త్రం రెండో ఏడు, ఏడాది పొడుగునా జలుబు.
చెక్క చట్రమొకటి గడ్డిలోకి విసిరి
అందులో పడ్డవన్నీ లెక్క రాసుకునేది:
క్లోవర్ పూలు నలభై, తుప్పురంగు తుమ్మెద ఒకటి,
పేరు తేలని నత్త, దాని పక్కన ప్రశ్నార్థకం.
మ్యాలకీ దూరంగా, చేతులు వెనక్కి కట్టుకుని
ఎవరూ కూర్చోమనని చుట్టంలా నిలబడేవాడు.

జూన్ రెండోవారం ఆ పిల్ల కేక
నా కిటికీ దాకా వచ్చింది.
వెళ్ళి చూశాను.
జానెడు కాడ. గులాబీరంగు రేకులు మూడు.
నడుమ గోధుమరంగు మఖమల్,
తేనెటీగ వాలినట్టే ఉంది.
వాలిన తేనెటీగ కాదు, పువ్వే అది. ఆర్కిడ్.

“ఎవరు నాటారు?” అన్నాడు మ్యాలకీ.
“ఎవరూ కాదు. ఇక్కడే ఉంది, ఎన్నేళ్ళనించో.
ఆకుల్ని నేలకి కరిపించి పడుకుంటుంది.
వేసవి రాగానే కాడ లేపుతుంది, అప్పుడు...”
ఆపైన ఏమనాలో తెలియక
ముక్కు తుడుచుకుంది.

ఈసారి వాక్యాన్ని మింగలేదు అతను.
“అప్పుడు నేను కోశాను.”

మోకాళ్ళు మంచివి కావు అతనివి. అయినా వంగాడు.
చాలాసేపు వంగే ఉన్నాడు.
జల్లు మొదలైంది.
టోపీ తీసి పువ్వుకి పట్టాడు.
వానలో పుట్టిన దానికి వాన అడ్డమేమిటని
డెర్వ్లా గాని, నేను గాని అనలేదు.

జూలైలో పట్టాల పండుగ.
ముందురోజు పైనుంచి ఫోను:
“ఒక్క కోత. అతిథులొస్తున్నారు, ఫొటోలున్నాయి.”
మళ్ళీ టైపు చేశాను.
నా వేళ్ళకి ఎవరి పక్షమూ లేదని
ఇరవై ఏళ్ళుగా నాకు నేనే చెప్పుకుంటున్న మాట.
మ్యాలకీ చదివాడు, నాలుగు మడతలు పెట్టాడు.
“మెషీను మొరాయించింది.”
“రెండోది?”
“దానికీ అదే రోగం. అంటుకునేదల్లే ఉంది.”

నల్లగౌన్లు గడ్డిలోనే నిలబడి నవ్వాయి.
పువ్వు అప్పటికే వాడి, కాయై,
పొడిలాంటి విత్తనాన్ని గాలికిస్తోంది.
కొంత అద్దెగౌన్ల అంచుల్లోకి పోయే ఉంటుంది,
ఏ ఊరి చాకిరేవులో దిగిందో.

సాయంత్రం అతనొచ్చి
నూనెమరకల రుమాలు మూట
నా బల్ల మీద పెట్టి, ఏమీ అనకుండా వెళ్ళాడు.
విప్పితే రెండు స్పార్క్ ప్లగ్గులు,
ఇంకా వెచ్చగా, జేబులోంచి తీసినవి.
అలమరా తెరిచి
‘ఉత్తరువులు’ అని రాసి ఉన్న అరలో పెట్టి
తాళం వేశాను,
సెప్టెంబరు దాకా.