అడగని మొక్క

మాల్మో ఊరి చివర మా ఇళ్ల సముదాయంలో
సైకిల్ షెడ్డుకు పచ్చని కప్పు వేయాలని తీర్మానించారు.
ఏం నాటాలో తేల్చే పని నా నెత్తిన పడింది,
మెట్లు కడిగేవాణ్ని, బల్బులు మార్చేవాణ్ని,
నిచ్చెన గది తాళంచెవి నా దగ్గరే ఉంటుంది కనుక.

షరతులు కాగితం మీద రాసిచ్చారు.
బెత్తెడు మట్టి, అంతకు మించితే దూలాలు ఓపవు.
నీళ్లు పెట్టేది లేదు, కలుపు తీసేది లేదు.
ఏడాదికోసారి నేనెక్కి చూడాలి,
అదీ మోకాలు ఒప్పుకుంటే.
అడగందే అమ్మయినా పెట్టదంటారు గానీ
అసలు అడగడమే తెలియని మొక్క కావాలి వీళ్లకి.

లావెండర్ అంది మూడో అంతస్తు గున్వోర్.
దాని వేరు బెత్తెడులో ఇమడదన్నాను.
పచ్చిక చాలదా అన్నాడు యాల్మార్.
దానికి క్షవరం ఎవరు చేస్తారు, నువ్వా?
అతను తన బట్టతల తడుముకున్నాడు.

జనవరి నెలంతా కేటలాగు తిరగేశాను.
బయట మూడింటికే చీకటి,
లోపల పేజీకి పది సీడమ్‌లు:
తెల్లగా పూసేది, పసుపుగా పూసేది, చలికి ఎర్రబడేది.
బియ్యపు గింజంత ఆకుల్లో
ఆగస్టుకు కావలసిన నీళ్లు
జూన్‌లోనే దాచుకునే పొదుపరులు.
తేనెటీగల కోసం నేలబారు థైమ్ కాస్త.
నాచు ఎలాగూ పిలవని పేరంటానికి వస్తుంది,
దాన్ని లెక్కలో వేయలేదు.
ఒక్కో పేరు పక్కన ఒకే ప్రశ్న రాసుకున్నాను:
నేను ఎక్కలేకపోయినా ఇది బతుకుతుందా?
చాలా రోజులు
అది మొక్కల గురించిన ప్రశ్నే అనుకున్నాను.

ఏప్రిల్‌లో కింది అంతస్తు జుమ్రెత తలుపు తట్టింది.
బోస్నియా నుంచి వచ్చి ముప్పై ఏళ్లు,
సభల్లో ఆమె నోరు విప్పగా నేనెన్నడూ చూడలేదు.
చేతిలో పెరుగు డబ్బా,
అందులో రాతితో చెక్కిన పువ్వులాంటి మొక్క,
చుట్టూ గుండీలంత పిల్లలు.
మేం దాన్ని కప్పు ఉల్లి అంటాం, కూరలో వేయకపోయినా.
"మా దగ్గర దీని పేరు ఇంటికాపరి," అంది.
"కప్పు మీద ఉంటే పిడుగు పడదని మా నాయనమ్మ నాటింది."
"పడలేదా మరి?"
"పిడుగు పడలేదు."

ఆ తర్వాత ఏం పడిందో నేనడగలేదు.
తనే చెప్పింది, గుమ్మంలో నిలబడే:
ఏడేళ్లకు తిరిగి వెళ్తే
గోడలు లేవు, పెంకుల కుప్ప మీద ఇదొక్కటే
పిల్లల్ని పెట్టుకుని కూర్చుందట.
"బరువు ఎక్కువవుతుందేమో చూడండి," అంది.
వంటింటి త్రాసు మీద పెట్టాను, డబ్బాతో సహా.
నూట పది గ్రాములు.
దూలాలు ఓపుతాయన్నాను.

మేలో సీడమ్ చాపలు పరిచాం,
దక్షిణం మూలన అరచేయంత జాగా వదిలి.

జులై ఎండకు ఊరి పచ్చికలన్నీ గడ్డి రంగుకు తిరిగాయి.
మా కప్పు మాత్రం ఎరుపెక్కి, మొండికేసి కూర్చుంది.
ఒక సాయంత్రం చూద్దును కదా
నిచ్చెన మీద ఇంటి చెప్పులతో జుమ్రెత.
"నీళ్లు పోయకూడదు," అని అరిచాను కింద నుంచి.
"పోయడం లేదు," అంది, వెనక్కి తిరక్కుండానే.
మరేం చేస్తోందో అర్థం కాలేదు.
ఎంతసేపు చూసినా
చేతులు కదల్లేదు.

డిసెంబరులో లెక్కల పుస్తకం తెరిచి,
పచ్చని కప్పు, నిర్వహణ ఖర్చు: సున్నా
అని రాశాను. అబద్ధం కాదు.
నిచ్చెన గది తాళంచెవికి నకలు తీయించిన డబ్బులు
నా జేబులోవి.